కుచ్చులు కట్టిన కండువా: కొత్తరెడ్డిపాలెం మాదిగ యూదులూ మన ప్రశ్నలూ

గుంటూరు జిల్లా చేబ్రోలును ఆనుకుని ఉన్న కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు యూదు మతాన్ని పాటిస్తున్నాయి. బెనె ఎఫ్రాయిమ్, అంటే ఎఫ్రాయిము సంతానం, అని తమను తాము పిలుచుకుంటాయి. అంతకుముందు క్రైస్తవులు. 1980ల చివర్లో బయటికి తెలిసిన ఈ ఆచరణకు 1991లో ఒక సినగాగు, ప్రార్థనా మందిరం, ఏర్పడింది. శ్మూయేల్ యాకోబీ, సాదోక్ యాకోబీ అనే అన్నదమ్ములు దీనికి ముందు నిలబడ్డారు. వీళ్ల గురించి పత్రికల్లో వచ్చే కథనాలకు ఒక అలవాటు ఉంది. ముందు ఒక ఫొటో: నల్లని మనిషి, తెల్లని శాలువా, కొనలకు వేలాడే కుచ్చులు. కింద ఒక ప్రశ్న: వీళ్లు నిజంగా యూదులేనా?

ఆ ప్రశ్న వేసేవాళ్లు ఫొటోలో ఉన్న శాలువాను ఎప్పుడైనా చదివారా అన్నది మా అనుమానం. ఆ బట్ట పేరు తల్లీత్. దానికి ఒక చట్టం, ఒక వాడుక, ఒక గొడవల చరిత్ర ఉన్నాయి. మాదిగ భుజం మీదికి వచ్చాక ఆ చరిత్రకు ఇంకో అర్థం కలిసింది. ఆ అర్థమేమిటో తేల్చకుండా, పైనున్న బట్టను వదిలేసి కింద రక్తం పరీక్ష చేద్దామనడం కులం చేసే పనే.

మేం ఉండేది తొగుటలో. ఒకప్పటి మెదక్ జిల్లా, 2016 నుంచి సిద్దిపేట జిల్లా. గుంటూరుకూ మాకూ చాలా దూరం. మా వైపు యూదులూ లేరు, సినగాగూ లేదు. అయినా ఈ బట్ట మాకు పట్టింది. ఎందుకంటే భుజం మీది బట్ట అంటే ఏంటో తెలంగాణ పల్లెకు ఒకరు చెప్పనక్కర్లేదు. దొర ఎదురైతే చెప్పులు చేతికి, రుమాలు చంకకి. తలకు చుట్టింది విప్పాలె, భుజాన వేసింది దించాలె. దొర గడి ముందు నుంచి పోయేటప్పుడు భుజం బోడిగా ఉండాలె. "బాంచెన్ దొరా" అన్న మాట నోటితో ఎంత అనేవాళ్లో, రుమాలు దించడంతోనూ అంతే అనేవాళ్లు. మా తాతల తరానికి ఇది పుస్తకంలో చదివిన సంగతి కాదు. తూప్రాన్‌లో పుట్టిన గద్దర్ భుజాన గొంగడి వేసుకుని వేదిక ఎక్కితే జనం పాట కన్నా ముందు ఆ గొంగడినే చూసేవాళ్లు. దించాల్సిన చోట దించని బట్ట అది.

ఆ కళ్లతోనే తల్లీత్‌ను చూద్దాం.

ఆజ్ఞ సంఖ్యాకాండము 15వ అధ్యాయంలో ఉంది, ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఇంకోసారి క్లుప్తంగా వస్తుంది. నాలుగు కొనలున్న బట్ట వేసుకుంటే ప్రతి కొనకూ కుచ్చు కట్టాలి. ఆ కుచ్చును చూసి దేవుడి ఆజ్ఞలను గుర్తుకు తెచ్చుకోవాలి. అంతే. బట్టకు సొంతంగా పవిత్రత ఏమీ లేదు, కుచ్చు వల్లనే దానికి విలువ. ఒక్కో కొనకు నాలుగు దారాలు రంధ్రంలో దూర్చి మడిస్తే ఎనిమిది పోగులవుతాయి. మధ్యమధ్య చుట్లు తిప్పుతూ ఐదు జంట ముళ్లు వేస్తారు. హీబ్రూలో అక్షరాలే అంకెలు కూడా. కుచ్చుకు వాళ్లు పెట్టిన పేరు 'త్సీత్సిత్' లెక్క కడితే ఆరువందలు. దానికి ఎనిమిది పోగులు, ఐదు ముళ్లు కలిపితే 613. తోరాలో ఉన్నాయని వాళ్లు చెప్పే ఆజ్ఞల సంఖ్య అదే. చదువు రానివాడికి సుత చేత్తో తడిమితే అందే పుస్తకం అన్నమాట.

ఎంచుకోవడంలోనూ నియమాలు తక్కువే. ఉన్ని కావచ్చు, నూలు కావచ్చు, పట్టు కావచ్చు. ఉన్నినీ అవిసె నారనూ కలిపి నేసింది మాత్రం పనికిరాదు. నల్ల గీతలుంటాయి, నీలి గీతలుంటాయి, ఏ గీతా లేనివీ ఉంటాయి. గీతలు వాడుకే, చట్టం కాదు. మెడ దగ్గర వెండి జరీ పట్టీ కుట్టించుకునేవాళ్లున్నారు, అది షోకు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో కండువాలాగా సన్నగా మెడలో వేలాడేది బాగా వ్యాపించింది. సంప్రదాయవాదులు దానికి ఒప్పుకోరు. కప్పుకోవాలి అన్నది ఆజ్ఞ, తగిలించుకోవడం కాదు అని వాళ్ల వాదన. ఈ విషయంలో మాకు వాళ్లదే న్యాయంగా తోస్తుంది. బట్టను ఎవరు నేసినా ఫర్వాలేదు. దారాలు ఈ పనికోసమేనని అనుకుని వడికి ఉండాలి, ముళ్లు యూదుడి చేతే వేసి ఉండాలి. అంటే దుబ్బాక మగ్గం మీద దిగిన నూలు బట్ట తల్లీత్ కావడానికి ఏ అడ్డూ లేదు. గొల్ల కుర్మల గొంగడి కూడా నాలుగు కొనల ఉన్ని బట్టే! చింతగింజల గంజి పెట్టి, గుంట మగ్గం మీద నేసిన నల్ల గొంగడిని పగటి పూట ఒంటికి చుట్టుకునే యూదుడు ఎవరైనా ఉంటే, దానికీ కుచ్చులు కట్టాలా అని తప్పకుండా తన రబ్బీని, అంటే మతగురువును, అడగాల్సి వస్తుంది.

పొద్దున ప్రార్థనకు నిలబడి, ఆశీర్వచనం చెప్పి, ముందు తల మీదుగా కప్పుకుని కాసేపు అలాగే ఉండి, తర్వాత భుజాల మీదికి దించుతారు. 'షెమా' ప్రార్థనప్పుడు నాలుగు కుచ్చులనూ చేతిలోకి కూడదీసుకుంటారు, ఆ మాట వచ్చిన చోట ముద్దు పెట్టుకుంటారు. తోరా చదవడానికి పిలుపు వచ్చినవాడు కుచ్చును చుట్ట మీది అక్షరాలకు తాకించి ముద్దు పెట్టుకుంటాడు. 'చూసి గుర్తు తెచ్చుకోండి' అని ఆజ్ఞ కాబట్టి రాత్రి వేసుకోరు, యోమ్ కిప్పూర్ సాయంత్రం తప్ప. తూర్పు ఐరోపా యూదుల్లో చాలాచోట్ల పెళ్లయ్యాకే మగవాళ్లు వేసుకుంటారు. మిగతాచోట్ల పిల్లలు కూడా వేసుకుంటారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పుకోవాలి. మన తెలుగు సభల్లో శాలువా లేని సభ లేదు. ఎవరో ఒకరు కప్పాలి, ఇంకొకరు కప్పించుకోవాలి, ఫొటోగ్రాఫరు వచ్చిందాకా ఆగాలి. కప్పే చేయి ఎప్పుడూ పైనే. దళిత కవికి శాలువా కప్పి, ఆయన కవిత్వాన్ని సిలబస్ బయటే ఉంచిన సభలు మనకు తెలియనివి కావు. తల్లీత్‌ను రోజూ ఎవరికి వాళ్లే కప్పుకుంటారు. పదిమందీ అదే బట్ట కప్పుకుని నిలబడితే సన్మానం ఎవరికి?

దారం సంగతి ఇంకా లోతుకు పోతుంది. ఈ దేశంలో ఒంటి మీది దారానికి రెండు చరిత్రలున్నాయి. ఒకటి జంధ్యం. అది కొందరికే, మగవాళ్లకే, మిగతా అందరూ కింద అని చెప్పడానికే. రెండోది అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో ఎత్తి చూపించింది: మరాఠా ప్రాంతంలో అంటరానివాడు గుర్తుపట్టడానికి వీలుగా మణికట్టుకో మెడకో నల్ల దారం కట్టుకు తిరగాలి, పూనాలో అయితే నడుముకు చీపురు, మెడలో ముంత. ఒక దారం పైకెక్కించడానికి, ఇంకో దారం కిందికి తొక్కడానికి. కుచ్చు దారం ఈ రెండింటికీ పొసగదు. అది యాజకులకు మాత్రమే ఇచ్చింది కాదు, ఇశ్రాయేలు ప్రజలందరికీ ఇచ్చింది. దాన్ని బానిసల ముద్రతో పోల్చిన వ్యాఖ్యాతలు యూదుల్లోనే ఉన్నారు. ఐగుప్తులో వెట్టి చేసి బయటపడ్డ జనం మేం ఇక ఏ మనిషికీ బానిసలం కాము, ఒక్క దేవుడికే, అని కట్టుకున్న గుర్తు అది. ఆ ఆజ్ఞ చివరి మాట కూడా ఐగుప్తు నుంచి బయటికి తెచ్చిన దేవుడి గురించే. వెట్టి ఏంటో తెలిసిన కులం ఈ దారాన్ని వెతుక్కుంటూ పోయిందంటే అందులో మాకు వింత ఏమీ కనపడదు.

ఇక నీలం. సంఖ్యాకాండము ప్రకారం కుచ్చులో ఒక నీలి దారం ఉండాలి. తెఖేలెత్ అంటారు. సముద్రపు నత్త నుంచి తీసిన రంగు అది. అరబ్బుల రాజ్యం వచ్చిన కాలానికి ఆ రంగు తీసే విద్య పోయింది. అప్పుడు ఏం చేశారు? తెల్ల దారంతోనే కట్టుకున్నారు. నీలం లేకపోతే తెలుపు చెడదని మిష్నాలోనే రాసి ఉంది. అంటే వెయ్యేళ్లకు పైగా ప్రపంచంలోని యూదులందరూ 'అసలు' దారం లేకుండానే యూదులుగా ఉన్నారు. వాళ్లను నిజంగా యూదులేనా అని ఎవరూ అడగలేదు. 1880లలో పోలండ్‌లో ఒక రబ్బీ కటిల్‌ఫిష్ నుంచి నీలం తీశాడు. ఇరవయ్యో శతాబ్దం చివర మ్యూరెక్స్ జాతి నత్తే అసలుదని చాలామంది ఒప్పుకున్నారు.

తాల్ముద్‌లో దొంగ నీలం ప్రస్తావన ఉంది. చెట్టు నుంచి తీసిన చవక రంగును నత్త నీలం అని చెప్పి అమ్మేవాణ్ణి దేవుడే పట్టుకుంటాడని హెచ్చరిక. ఆ చెట్టు రంగు మన నీలిమందేనని పండితుల అభిప్రాయం. కడప, నెల్లూరు జిల్లాల నుంచి పంతొమ్మిదో శతాబ్దంలో ఓడలెక్కి పోయిన నీలిమందు! రసాయన శాస్త్రం చెప్పేదేమంటే, నత్త రంగును తయారయ్యేటప్పుడు ఎండ తగలనిస్తే అందులోని బ్రోమిన్ పోయి మిగిలేది ఇండిగోయే. నీలిమందులో ఉన్న అదే అణువు. కళ్లకు తేడా తెలియదు, అణువులో తేడా లేదు. తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్న దానిలోనే. తాల్ముద్ కోపం కూడా అబద్ధం చెప్పి అమ్మినవాడి మీద, కట్టుకున్నవాడి మీద కాదు. కొత్తరెడ్డిపాలెం వాళ్ల పుట్టుక గురించి తలబద్దలు కొట్టుకునే పండితులు ఈ ఒక్క పుట తిరగేస్తే బాగుండేది. మనకైతే నీలం ఇంకో దారిలో వచ్చింది. 1942లో పుట్టిన షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ జెండా నీలం.

కుచ్చుల ఆజ్ఞ 15వ అధ్యాయం చివర ముగుస్తుంది. పుట తిప్పగానే 16వ అధ్యాయంలో కోరహు తిరుగుబాటు. జనమంతా పరిశుద్ధులే కదా, మోషే అహరోనులు మాత్రం ఎందుకు పైన కూర్చోవాలి అని అడిగినవాడు కోరహు. భూమి నోరు తెరిచి మింగింది. ఈ రెండు అధ్యాయాలు పక్కపక్కన ఎందుకున్నాయని ఆలోచించిన యూదు వ్యాఖ్యాతలు ఒక కథ అల్లారు. కోరహు రెండువందల యాభై మందికి పూర్తిగా నీలి బట్టలు తొడిగించి మోషే ముందుకు తెచ్చి, బట్టంతా నీలమే అయితే ఇంకో నీలి దారం కావాలా అని అడిగాడట. కావాలన్నాడు మోషే. అందరూ నవ్వారట. మన చర్చిల్లో కోరహును ఎప్పుడూ అహంకారిగానే చెబుతారు. మెదక్‌లో 1924లో తలుపులు తెరిచిన అంత పెద్ద కెథడ్రల్ నీడలో పెరిగిన మాలమాదిగ క్రైస్తవులకు కూడా ఆ పాఠమే అందింది: పెద్దలకు ఎదురు తిరిగితే భూమి మింగుతుంది. నీలి బట్టలు కట్టుకున్న రెండువందల యాభై మంది అడిగిన ప్రశ్న మాత్రం మింగుడు పడలేదు. బట్టంతా నీలమైన జనానికి ఒక్క దారం పెట్టి పవిత్రత ఇవ్వడం ఏమిటి? మా సానుభూతి కోరహుతోనే, దాచుకునే పని లేదు.

తెలుగు బైబిలు అనువాదం మీద మాకో ఫిర్యాదుంది. సంఖ్యాకాండములో 'కుచ్చులు' అని చక్కగా అనువదించినవాళ్లు మత్తయి సువార్తకు వచ్చేసరికి 'చెంగు' అన్నారు. పన్నెండేళ్ల రక్తస్రావం ఉన్న స్త్రీ యేసు పైవస్త్రపు చెంగు ముట్టింది అని తొమ్మిదో అధ్యాయంలో చదువుతాం. గ్రీకులో ఉన్న మాట కుచ్చుకు వాడే మాటే. మైలపడింది, ముట్టరానిది అని ధర్మశాస్త్రం పక్కన పెట్టిన ఆడమనిషి, ఆ ధర్మశాస్త్రాన్ని గుర్తుచేయడానికి కట్టిన కుచ్చునే పట్టుకుంది. చెంగు అనేసరికి ఆ సంగతంతా జారిపోయింది. కుచ్చులు పెద్దవి చేసుకుని డాబు చూపేవాళ్లను 23వ అధ్యాయంలో తిట్టినప్పుడు కూడా తెలుగులో 'చెంగులే'. నూరేళ్లకు పైగా వాడల్లో చదువుతున్న పుస్తకంలో ఒక ముట్టుడు కథ ఇట్లా మూతపడి ఉంది.

శాలువాను ఇంతగా మెచ్చుకుంటున్నాం కదా అని దాని కింద అంతా సమానమే అనుకోవద్దు. కొచ్చిన్‌లో ఏం జరిగిందో చూడండి. పరదేశి సినగాగులో తెల్ల యూదులు బెంచీల మీద, విడుదలైన బానిసల సంతానం నేల మీదా మెట్ల మీదా. తోరా చదవడానికి పిలుపు వీళ్లకు రాదు. ఒంటి మీద కుచ్చులున్నా వాటిని ఆ అక్షరాలకు తాకించే వీలు లేదు. ఆ సంతానంలో పుట్టిన ఏ.బి. సేలం (1882–1967) వకీలు చదివి, గాంధీ పద్ధతిలో ఆ సినగాగులోనే సత్యాగ్రహం చేసి ఆ అడ్డుగోడలను ఒక్కొక్కటిగా తీయించాడు. మహారాష్ట్ర బెనె ఇజ్రాయెల్‌లో గోరా, కాలా అని రెండు ముక్కలు. వాళ్లే ఇజ్రాయెల్‌కు పోయాక వాళ్లతో పెళ్లి సంబంధాలకు రబ్బీలు అడ్డుపడ్డారు. నిరసనలు చేసి, 1964లో ప్రభుత్వం చేత పూర్తి యూదులమని చెప్పించుకోవాల్సి వచ్చింది. కులం మందిరం గడప దగ్గర చెప్పులతో పాటు విడిచి వచ్చేది కాదు.

ఆడవాళ్ల సంగతి వేరే వ్యాసం అంత ఉంది. సంప్రదాయం ప్రకారం వాళ్లకు ఈ ఆజ్ఞ నుంచి మినహాయింపు. మినహాయింపు నిషేధంగా మారడానికి ఎంతో కాలం పట్టదు. 1988 నుంచి జెరూసలేం పశ్చిమ గోడ దగ్గర తల్లీత్ వేసుకుని ప్రార్థించే స్త్రీలను పోలీసులు పట్టుకుపోయిన సందర్భాలున్నాయి. 2013లో కోర్టు వాళ్ల పక్షాన చెప్పింది. మనకు దగ్గరి పోలిక తిరువాన్కూరు. నాడార్ స్త్రీలు రొమ్ముల మీద బట్ట కప్పుకునే హక్కుకోసం పోరాడితే 1859లో రాజు ఇచ్చిన ప్రకటన ఏమంది? కప్పుకోవచ్చు, పై కులాల ఆడవాళ్లు కప్పుకునే తీరులో మాత్రం కాదు. బట్ట ఇచ్చి తీరును దగ్గర పెట్టుకున్నారు.

మాదిగలకు ఈ మతంలో శాలువా కన్నా దగ్గరిది తోలు. పనిదినాల ప్రార్థనలో తల్లీత్‌తో పాటు చేతికీ నుదుటికీ తోలు పెట్టెలు, తోలు పట్టీలు కట్టుకుంటారు. తోరా చుట్ట పశువుల తోలు మీదే రాయాలి, కాగితం చెల్లదు. తోలు లేనిదే దేవుడి మాట లేదు! గానీ అదే తాల్ముద్ తోళ్లు శుద్ధి చేసేవాడి బతుకును అయ్యో అంటుంది, అత్తరు అమ్మేవాడే భాగ్యవంతుడంటుంది. ఆ వాసన భరించలేనన్న భార్యకు విడాకులు ఇప్పించాలని మిష్నా చెబుతుంది. తోలు పవిత్రం, తోలు పనివాడు కంపు. ఈ మాట మనం ఇంతకు ముందు ఎక్కడ విన్నాం?

యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన 'ది జ్యూస్ ఆఫ్ ఆంధ్ర ప్రదేశ్' (ఆక్స్‌ఫర్డ్, 2013) ఈ సమాజం మీద వచ్చిన మంచి పుస్తకం. నిజమా అబద్ధమా తీర్పు చెప్పే కుర్చీలో వాళ్లు కూర్చోలేదు. దళితుల ఆత్మగౌరవ పోరాటాల పక్కన పెట్టి చదివారు. ఆ పుస్తకం తెలుగులో ఉండాల్సింది. శ్మూయేల్ యాకోబీ సొంత పుస్తకం 'ది కల్చరల్ హెర్మెన్యూటిక్స్' (2002) ఇంకో దారి. తెలుగుకూ హీబ్రూకూ చుట్టరికం కలుపుతుంది, మాదిగల పూర్వచరిత్రను తప్పిపోయిన గోత్రం కథలోకి తెస్తుంది. గొడ్డు మాంసం తినడం, శవాన్ని పూడ్చడం, ఊరు ఏవగించుకున్న ఈ రెండూ ఈ కథలో ఇశ్రాయేలు నుంచి తెచ్చుకున్న ఆస్తి అవుతాయి. భాషాశాస్త్రంగా ఇది నిలబడదు. పురాణంగా మాత్రం దీనికి బలముంది. మాదిగలకు ఇట్లాంటి పురాణం కొత్త కాదు. భూమి కంటే ముందు పుట్టిన ఆదిజాంబవుడి కథను చిందు వాళ్లు ఆడుతూనే ఉన్నారు, డక్కలి వాళ్లు చెబుతూనే ఉన్నారు. మీకంటే ముందు మేమున్నాం అని జాంబపురాణం చెప్పిందే ఎఫ్రాయిము కథ ఇంకో భాషలో చెబుతోంది.

మాకు అభ్యంతరం ఉన్నది ఒక్కచోట. తిండికీ చావుకూ గౌరవం రావాలంటే అవి జెరూసలేం నుంచి వచ్చినవే కావాలా? యూదు చట్టం ప్రకారమే మతం పుచ్చుకున్నవాడు పూర్తి యూదుడు, వాణ్ణి వాడి పుట్టుక గుర్తుచేసి నొప్పించడం తప్పు. గోత్రం దొరకకపోయినా తల్లీత్ దొరుకుతుంది. అట్లాంటప్పుడు రక్తం దావా వేయడమంటే కులం గెలిచే ఆటలోకి కులం రూళ్లతోనే దిగడం. గానీ ఈ మాట అనడం మాకు సులువు. సినగాగు ఏర్పడిన 1991లోనే, ఆగస్టు 6న, అదే గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. అంతకు ఆరేళ్ల ముందు కారంచేడులో చచ్చింది మాదిగలు. మూడేళ్ల తర్వాత, 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మోగి, మాదిగ అన్న మాటనే పేరు చివర తగిలించుకోమంది. ఒకే కాలంలో, పక్కపక్క జిల్లాల్లో ఒకే కులం రెండు దారులు వెతికింది. ఒకటి పేరును తలకెత్తుకుంది, ఇంకోటి పేరు మీద శాలువా కప్పింది. రెండూ భుజం దించని దారులే. శాలువా కింద ఆ పేరు ఊపిరాడుతూ ఉండాలన్నదే మా పట్టు.

దీనికి ఖరీదు కూడా ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఆదేశం హిందువులకే వర్తించింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. యూదు మతం ఆ జాబితాలో లేదు. కాగితం మీద యూదుడని రాయించుకున్న మాదిగ హాస్టల్ సీటు దగ్గర, ఉద్యోగం దగ్గర నష్టపోతాడు. అత్యాచార నిరోధక చట్టం కూడా అతనికి అడ్డం నిలబడదు. ఊరు మాత్రం ఏ కాగితమూ అడగకుండానే వాణ్ణి మాదిగగానే గుర్తుపడుతుంది.

ఇంకొక్క సంగతి, ఉద్యమ మిత్రులు తప్పకుండా అడిగేది. ఆ నీలి గీతల నుంచే ఇజ్రాయెల్ జెండా వచ్చింది కదా, 2023 అక్టోబర్ తర్వాత గాజాలో పదుల వేల మందిని చంపిన రాజ్యానిది కదా ఆ జెండా? అవును. పాలస్తీనా వాళ్ల పక్షాన ఉండటంలో మాకు రెండో మాట లేదు. శాలువా జెండా కన్నా కొన్ని వేల ఏళ్ల పెద్దది. దాన్ని వేసుకున్న మాదిగను ఆ రాజ్యం ఇంతవరకూ తనవాడని కూడా ఒప్పుకోలేదు. మణిపూర్, మిజోరంల బెనె మెనాషెకు 2005లో అక్కడి ప్రధాన రబ్బీ గుర్తింపు దొరికింది, వీళ్లకు అట్లాంటిది రాలేదు. జెండా చేసిన పాపాన్ని శాలువా మోయాలంటే ముందు దానికి ఆ జెండా కింద చోటుండాలి కదా.

చివరికి శాలువా మనిషితోనే పోతుంది. యూదు మగవాణ్ణి తన తల్లీత్‌లోనే చుట్టి పూడుస్తారు. పూడ్చేముందు ఒక కుచ్చు కోసేస్తారు, ఇక ఆజ్ఞలు పాటించే పని వాడికి లేదని. కింద మాత్రం మామూలు అవిసె నార బట్ట. రబ్బాన్ గమలియేల్ అనే పెద్ద తనను చవక బట్టలోనే పూడ్చమన్నాడని తాల్ముద్ చెబుతుంది. పేదవాళ్లు శవానికి ఖరీదైన బట్ట కొనలేక చితికిపోతున్నారని ఆయన ఆ పని చేశాడు. అప్పటి నుంచి ఉన్నవాడికీ లేనివాడికీ అదే బట్ట.